మన్నింపు కోరే సంస్కారం

తెలుగు ఇండ్లలో మాటలు పూర్తిగా రాని పసిపిల్లలకు కూడా పెద్దలు నేర్పే మర్యాద ఒకటి ఉంది. నడుస్తున్నప్పుడు పొరపాటున కాలు ఎదుటివారికి తగిలితే వెంటనే వంగి, వారిని చేతితో తాకి, ఆ చేతిని కళ్లకద్దుకోవాలి. పుస్తకానికి కాలు తగిలినా అంతే. కావాలని తన్నలేదని అందరికీ తెలుసు. అయినా ఆ క్షణంలో ఎవరూ ‘నేను చూడలేదు’ అని వాదనకు దిగరు. ‘దారిలో ఎందుకు కూర్చున్నావు?’ అని ఎదురు ప్రశ్న వేయరు. కాలు తనది కనుక వంగవలసినవాడు కూడా తానే. తప్పును తనదిగా గుర్తించడం, ఆలస్యం చేయకపోవడం, నొచ్చుకొన్నవారి వైపే చేయి చాపడం అనే మూడు గుణాలూ ఆ చిన్న ఆచారంలో ఇమిడి ఉన్నాయి. క్షమాపణకు పునాది ఆ మూడే.

అయితే కాలు తగిలినప్పుడు అంత సులభంగా వంగే మనిషి, మాట తగిలినప్పుడు వంగడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని సామెత చెబుతూనే ఉంటుంది. నోరు జారినవాడు మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని భీష్మించుకొని కూర్చుంటాడు. పూజ ముగిసిన తరువాత మంత్రలోపం, క్రియాలోపం, భక్తిలోపం ఏవైనా ఉంటే మన్నించమని భగవంతుని వేడుకోవడం అనాదిగా వస్తున్న సంప్రదాయం. ఏ తప్పు జరిగిందో తెలియకపోయినా దైవాన్ని క్షమాపణ కోరే మనిషి, ఏ తప్పు చేశాడో స్పష్టంగా తెలిసి కూడా పొరుగింటివానితో, తోడబుట్టినవానితో, సహోద్యోగితో ఏండ్ల తరబడి మాటలు మానుకొని బ్రతుకుతాడు. ఒకే చూరు కింద ఉన్న అన్నదమ్ములు పలకరింపులు లేకుండా వృద్ధులైన కుటుంబాలు ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి. అక్కడ అడ్డు నిలిచింది ఆస్తి తగాదా ఒక్కటే కాదు. ‘తప్పు నాది’ అనే రెండు మాటలు ఎవరి నోటి నుంచీ రాకపోవడం అంతకంటె పెద్ద అడ్డు.

క్షమాపణ చెప్పడం పుట్టుకతో వచ్చే గుణం కాదు. నడక నేర్చినట్లు, అక్షరాలు నేర్చినట్లు దానినీ నేర్చుకోవాలి. అందులో మొదటి పాఠం వ్యాకరణ పాఠమే.

చేతిలోని గాజుగ్లాసు జారిపడినప్పుడు ‘గ్లాసు పగిలింది’ అనవచ్చు, ‘గ్లాసు పగలగొట్టాను’ అనవచ్చు. రెండింటిలోనూ సమాచారం ఒక్కటే. కాని మొదటి వాక్యంలో గ్లాసే కర్త. పగలగొట్టిన మనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేడు. ‘మాట తూలింది’, ‘పొరపాటు జరిగింది’, ‘తప్పయిపోయింది’ అనే వాక్యాలన్నీ ఈ జాతివే. వర్షం కురిసినట్లు, పొద్దు గుంకినట్లు తప్పు కూడా తనంతట తానే జరిగిపోయిందని అవి చెబుతాయి. లోకవ్యవహారంలో ‘తప్పయింది’ అన్న మాటకు మన్నింపు కోరే అర్థం స్థిరపడిందన్నది నిజమే. వంగిన తల, తడిసిన కన్ను తోడైతే ఆ ఒక్క మాటే చాలవచ్చు. కాని తప్పించుకోవాలనుకొనేవానికి కూడా ఆ మాటే ఆశ్రయమిస్తుంది. ‘తప్పు చేశాను’ అన్న వాక్యం అలా ఆశ్రయమివ్వదు. అందులో కర్త ఉన్నాడు, క్రియ ఉంది, తప్పించుకొనే దారి లేదు. నిజమైన క్షమాపణకు ఉత్తమపురుష క్రియ అవసరం.

రెండవ ప్రమాదం చేదర్థకంతో వస్తుంది. ‘నా మాటల వల్ల మీరు బాధపడి ఉంటే క్షమించండి’ అనే వాక్యం సభలలో, పత్రికా ప్రకటనలలో తరచుగా వినిపిస్తుంది. వినయంగా ధ్వనించే ఈ వాక్యం నిజానికి బాధను సందేహిస్తున్నది. ఎదుటివాడు బాధపడ్డాడో లేదో తెలియదని, పడి ఉంటే అది అతని సుకుమారత్వమని, తన మాటలో మాత్రం దోషం లేదని దాని అంతరార్థం. మూడవ ప్రమాదం ‘కాని’ అనే చిన్న పదంలో ఉంది. ‘నేను అలా అని ఉండకూడదు, కాని నీవు కూడా...’ అని మొదలైన వాక్యం క్షమాపణగా పుట్టి అభియోగంగా ముగుస్తుంది. ఎదుటివానిలోనూ తప్పు ఉండవచ్చు. దానిని మరొకనాడు మాట్లాడుకోవచ్చు. మన్నింపు కోరే వాక్యంలో దానికి చోటు లేదు.

నేటి యువతరం నాలుకపై ‘సారీ’ అనే మాట అలవోకగా ఆడుతున్నదని పెద్దలు ఆక్షేపిస్తుంటారు. బస్సులో భుజం తగిలినా, తరగతికి ఐదు నిమిషాలు ఆలస్యమైనా అనడానికి అది చక్కగా సరిపోయే మాటే. పరాయి భాష నుంచి వచ్చిందన్నది దాని దోషం కాదు. పెద్ద గాయానికి కూడా ఆ రెండక్షరాల మందే చాలుననుకోవడం దోషం. స్నేహితుని రహస్యాన్ని నలుగురిలో బయటపెట్టినవాడు, తల్లి దాచుకొన్న సొమ్మును తెలియకుండా ఖర్చు చేసినవాడు ‘సారీ’ అని పక్కకు తిరిగి సెల్ ఫోన్ చూసుకొంటే, ఆ మాట చెప్పకపోవడమే మేలనిపిస్తుంది. మాట ఏ భాషదైనా దానిలో మూడు విషయాలు వినబడాలి: చేసిన తప్పు ఏమిటి, దానివల్ల ఎవరికి ఏ నష్టం కలిగింది, దానిని సరిదిద్దడానికి ఏం చేయబోతున్నారు.

ఈ మూడూ ఉన్న క్షమాపణకు చక్కని ఉదాహరణ మహాత్మా గాంధీ ఆత్మకథలో కనిపిస్తుంది. అన్నగారు చేసిన ఇరవై ఐదు రూపాయల అప్పు తీర్చడానికి, పదిహేనేండ్ల మోహన్‌దాస్ ఆ అన్న చేతి కడియం నుంచి కొంత బంగారం తీశాడు. అప్పు తీరింది గాని మనస్సు భారమైంది. తండ్రికి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక కాగితం మీద రాశాడు. చేసిన దొంగతనాన్ని ఒప్పుకొన్నాడు. తగిన శిక్ష విధించమని కోరాడు. తన తప్పుకు తండ్రి తనను తాను శిక్షించుకోవద్దని వేడుకొన్నాడు. ఇకమీదట దొంగతనం చేయనని ప్రతిజ్ఞ చేశాడు. జబ్బుపడి మంచం మీద ఉన్న తండ్రి లేచి కూర్చుని ఆ ఉత్తరం చదివాడు. కన్నీరు కాగితాన్ని తడిపింది. ఒక్క మాట కూడా అనకుండా దానిని చించివేశాడు. ఆ ఉత్తరంలో ‘అన్న అప్పు చేయబట్టి’ అన్న సాకు ముందుకు రాలేదన్నది గమనించవలసిన విషయం. మళ్లీ చేయననే ప్రతిజ్ఞతో, దానిని స్వీకరించే అర్హత గలవారి ఎదుట చేసుకొన్న నిష్కపటమైన ఒప్పుకోలే పరిశుద్ధమైన పశ్చాత్తాపమని గాంధీ తరువాతి కాలంలో అభిప్రాయపడ్డాడు.

‘స్వీకరించే అర్హత గలవారి ఎదుట’ అన్న నియమం చిన్నది కాదు. చరిత్రలో గొప్ప పశ్చాత్తాపంగా పేరుపొందిన ఘట్టాన్ని కూడా ఆ నియమంతో పరీక్షించి చూడవచ్చు. క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన కళింగ యుద్ధం తరువాత అశోక చక్రవర్తి తన పదమూడవ శిలాశాసనంలో హృదయాన్ని విప్పి చెప్పాడు. లక్షమంది హతులయ్యారని, లక్షా యాభై వేలమంది బందీలుగా తరలింపబడ్డారని, అంతకు ఎన్నో రెట్లమంది మరణించారని లెక్క దాచకుండా చెక్కించాడు. తాము క్షేమంగా ఉన్నా, ఆప్తులకు కలిగిన ఆపద వల్ల సజ్జనులు పడే దుఃఖాన్ని కూడా పేర్కొన్నాడు. గెలిచిన రాజు తన విజయాన్ని తప్పుగా భావించి రాతిపై రాయించడం అపూర్వమైన విషయం. కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపంలోని ఎర్రగుడి వద్ద అశోకుని పద్నాలుగు శిలాశాసనాలూ ఉండడం వల్ల, ఆ పశ్చాత్తాప వాక్యాలకు తెలుగు నేల కూడా సాక్షిగా నిలిచింది.

అయితే ఏ నేల మీద రక్తం ప్రవహించిందో ఆ కళింగంలో, అనగా నేటి ఒడిశాలోని ధౌలి, జౌగడలలో, పదమూడవ శాసనం కనిపించదు. దానికి బదులుగా అక్కడి అధికారులకు ప్రజలను బిడ్డల వలె చూసుకొమ్మని బోధించే వేరే శాసనాలు ఉన్నాయి. అందుకు రాజనీతి పరమైన కారణాలు ఉండి ఉండవచ్చు. ఓడిన ప్రజలకు ఆ గాయాన్ని గుర్తు చేయకూడదని కూడా అనుకొని ఉండవచ్చు. అయినా లోకమంతటికీ చెప్పిన మాట గాయపడినవారికి మాత్రం చెప్పలేదన్న సత్యం మిగిలిపోయింది. బందీలుగా తరలించినవారిని తిరిగి ఇండ్లకు పంపినట్లు కూడా ఆ శాసనంలో ప్రస్తావన లేదు. అశోకుని పశ్చాత్తాపం యథార్థమైనదనడంలో సందేహం అక్కరలేదు. కాని పశ్చాత్తాపం వేరు, క్షమాపణ వేరు. మొదటిది మనిషి తన అంతరాత్మతో జరిపే సంభాషణ. రెండవది తాను గాయపరచినవారి వద్దకు నడిచి వెళ్లడం. ఆ నడక పూర్తి కానంతవరకు మొదటిది ఎంత గొప్పదైనా రెండవదిగా మారదు.

విచారానికీ క్షమాపణకూ గల ఈ భేదం భారతదేశ చరిత్రలోనే మరొకచోట స్పష్టంగా కనిపిస్తుంది. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధులైన ప్రజలపై జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించాడు. నాటి ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది మరణించారు. నూరేండ్లు నిండుతున్న సందర్భంలో, 2019 ఏప్రిల్ 10న, బ్రిటన్ ప్రధాని థెరిసా మే ఆ దురంతాన్ని ఉభయదేశాల చరిత్రలో సిగ్గుపడవలసిన మచ్చగా పేర్కొని, పార్లమెంటులో తీవ్ర విచారం వ్యక్తం చేశారు. అదే సభలో ప్రతిపక్ష నాయకుడు జెరిమీ కార్బిన్ సందిగ్ధతకు తావులేని సంపూర్ణ క్షమాపణ చెప్పాలని కోరారు. అది ఆనాడు రాలేదు. విచారం ఎవరైనా వ్యక్తం చేయవచ్చు. దారిన పోయేవాడు కూడా ప్రమాదాన్ని చూసి విచారిస్తాడు. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని రైల్వే స్టేషన్లలో వినిపించే ప్రకటన కూడా విచారమే. క్షమాపణ చెప్పగలిగినవాడు మాత్రం ఒక్కడే. ఎవరిది బాధ్యతో వాడు.

ఎక్కడ, ఏ రీతిగా చెప్పాలన్నది కూడా గాయపడినవారు నిర్ణయించవలసినదే. 1914లో ‘కొమగాట మారు’ అనే ఓడలో 376 మంది భారతీయులు కెనడాలోని వాంకూవర్ తీరానికి చేరారు. వారిలో అత్యధికులు పంజాబు సిక్కులు. వర్ణవివక్షతో కూడిన వలస నిబంధనల కారణంగా ఇరవైనలుగురిని తప్ప తక్కినవారిని దిగనీయకుండా రెండు నెలలు తీరంలోనే నిలిపి, ఆ ఓడను వెనక్కు పంపివేశారు. తిరిగి వచ్చినవారిపై కలకత్తా సమీపంలోని బజ్‌బజ్ వద్ద బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. 2008 ఆగస్టులో కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ సర్రే నగరంలో జరిగిన ఒక ఉత్సవంలో ఈ ఘటనకు క్షమాపణ చెప్పారు. అక్కడి సిక్కు సమాజంలో అనేకులు దానిని అంగీకరించలేదు. ఉత్సవ వేదిక మీద కాదు, పార్లమెంటులో చెప్పాలని వారు పట్టుబట్టారు. ఎనిమిదేండ్ల తరువాత, 2016 మే 18న, ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటు దిగువసభలో లాంఛనంగా క్షమాపణ చెప్పారు. వారి పట్టుదల అహంకారం కాదు. ఏ ప్రభుత్వాధికారంతో అన్యాయం జరిగిందో ఆ అధికారపీఠం నుంచే మాట రావాలన్నది న్యాయమైన కోరిక. ఇదే నియమం ఇంటికీ వర్తిస్తుంది. నలుగురిలో అవమానించి, ఒంటరిగా పిలిచి చెవిలో మన్నించమనడం సగం క్షమాపణ మాత్రమే. నింద నలుగురూ విన్నప్పుడు దిద్దుబాటు కూడా ఆ నలుగురూ వినాలి.

మాట తరువాత చేత రావాలి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం దాదాపు 1,20,000 మంది జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. 1988లో చేసిన చట్టం ద్వారా ఆ ప్రభుత్వం తన అపరాధాన్ని అంగీకరించి, అప్పటికి జీవించి ఉన్న ప్రతి బాధితునికీ 20,000 డాలర్ల పరిహారం ప్రకటించింది. పోయిన యౌవనాన్ని ఏ సొమ్మూ తిరిగి ఇవ్వలేదు. అయినా పరిహారం లేని క్షమాపణ ఖర్చు లేని మాటగా మిగిలిపోతుంది. పక్కవాని సైకిలును విరగగొట్టినవాడు కన్నీరు కార్చడం కంటె ముందు దానిని మరమ్మతు చేయించాలి.

ఈ విషయంపై శాస్త్రీయ పరిశీలనలు కూడా జరిగాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు 755 మందిపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. క్షమాపణలోని ఆరు అంశాలను వారు పరీక్షించారు. బాధ్యతను అంగీకరించడం అన్నింటికంటె ముఖ్యమైనదని, నష్టాన్ని సరిదిద్దుతాననడం దాని తరువాతిదని తేలింది. అన్నింటికంటె తక్కువ ప్రభావం గలది ‘నన్ను క్షమించు’ అని అడగడమే. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. క్షమించడం ఎదుటివాని హక్కు. అది ఈనాడు దొరకవచ్చు, ఏడాదికి దొరకవచ్చు, ఎన్నటికీ దొరకకపోవచ్చు. ‘చెప్పాను కదా, ఇంకా ఏం కావాలి?’ అని విసుగుకొనేవాడు క్షమాపణను బాకీ వసూలుగా మార్చుతున్నాడు.

తెలుగు సమాజంలో క్షమాపణ ఎప్పుడూ కింది నుంచి పైకే ప్రవహించడం విచారించదగిన విషయం. పిల్లలు పెద్దలకు, విద్యార్థులు ఉపాధ్యాయులకు, కోడలు అత్తకు, పనివారు యజమానికి చెప్పాలి. పైనుంచి కిందికి అది దిగిరాదు. చేయని తప్పుకు కొడుకును దండించిన తండ్రి, నిజం తెలిసిన తరువాత కూడా మాట పెగలక, సాయంత్రం మిఠాయి పొట్లం తెచ్చి చేతిలో పెడతాడు. ఆ పొట్లంలో ప్రేమ ఉందనడంలో సందేహం లేదు. కాని ఆ పిల్లవాడు నేర్చుకొనేది ఏమిటి? పెద్దవాడైతే తప్పు ఒప్పుకోనక్కరలేదని నేర్చుకొంటాడు. పాఠశాలలో బలవంతంగా రాయించే క్షమాపణ పత్రం, అందరి ఎదుట వేయించే చెంపలు, తీయించే గుంజీళ్లు కూడా ఆ పాఠాన్నే మరోవిధంగా చెబుతాయి. క్షమాపణ అంటే ఓడినవాడు చేసే పని అన్న భావం అక్కడే నాటుకొంటుంది. ఆ భావం నాటుకొన్నవాడు పెరిగి అధికారి అయిన తరువాత క్షమాపణ చెప్పకపోవడమే గెలుపు అనుకొంటాడు.

మహాభారతంలోని ఆదిపర్వం ఇందుకు భిన్నమైన ఆదర్శాన్ని చూపుతుంది. వేటలో తప్పించుకొన్న మృగాన్ని వెదుకుతూ పరీక్షిన్మహారాజు శమీక మహర్షిని ప్రశ్నించాడు. మౌనవ్రతంలో ఉన్న ముని బదులు పలకలేదు. కోపించిన రాజు చచ్చిన పామును వింటి కొనతో ఎత్తి ఆయన మెడలో వేశాడు. అది తెలిసిన ముని కుమారుడు శృంగి, ఏడు రోజులలో తక్షకుని విషాగ్నికి రాజు బలి కాగలడని శపించాడు. అవమానం పొందినవాడు శమీకుడే. అయినా ఆయన కుమారుని మెచ్చుకోలేదు. అల్పాపరాధానికి అంత పెద్ద శాపం తగదని మందలించి, గౌరముఖుడనే శిష్యుని రాజు వద్దకు పంపి, ఆత్మరక్షణ చేసుకొమ్మని హెచ్చరించాడు. శాపాన్ని మరల్చలేకపోయినా తనకు సాధ్యమైన దిద్దుబాటు చేశాడు. ఆ వార్త విన్న పరీక్షిత్తు కూడా తన మరణానికంటె, అంతటి శాంతమూర్తికి చేసిన అపరాధానికే ఎక్కువగా దుఃఖించాడు. ఒకరు మహర్షి, ఒకరు మహారాజు. తప్పును గుర్తించడం వల్ల వారిద్దరిలో ఎవరి గౌరవమూ తగ్గలేదు.

తప్పు ఒప్పుకొంటే లోకం అలుసుగా చూస్తుందని, కోర్టుకు ఈడుస్తుందని భయపడేవారు ఉన్నారు. ఆ భయం నిరాధారం కాదు. అయితే అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యశాలల అనుభవం ఆలోచింపజేస్తుంది. అక్కడ 2001 నుంచి వైద్యంలో జరిగిన తప్పులను రోగులకు తామే తెలిపి, క్షమాపణ చెప్పి, తగిన పరిహారం ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2010లో ప్రచురితమైన పరిశీలన ప్రకారం నెలకు దాఖలయ్యే దావాల రేటు, ప్రతి లక్ష వైద్య సందర్భాలకు 2.13 నుంచి 0.75కు తగ్గింది. తగ్గుదలకు ఆ పద్ధతి ఒక్కటే కారణమని నిర్ధారించి చెప్పలేకపోయినా, నిజం చెబితే దావాలు వెల్లువెత్తుతాయన్న భయం మాత్రం నిజం కాలేదు. గాయపడినవారికి సొమ్ము కంటె ముందు సత్యం కావాలి.

చేయని తప్పుకు క్షమాపణ చెప్పడం వినయం కాదు. బలవంతుని ముందు బలహీనుడు ప్రాణభయంతో చేతులు జోడించడం సంస్కారం కాదు. అటువంటి చోట మన్నింపు కోరవలసినవాడు చేతులు జోడింపజేసినవాడే. క్షమాపణ చెప్పే శక్తి నిజానికి అధికారం ఉన్నవారికే ఎక్కువగా కావాలి, ఎందుకంటే వారిని నిలదీసి అడిగేవారు ఉండరు. తండ్రి బిడ్డతో, గురువు శిష్యునితో, యజమాని పనివానితో ‘తప్పు నేను చేశాను’ అని తలవంచకుండా సూటిగా చెప్పగలిగిన ఇంటిలో, తరగతి గదిలో, కార్యాలయంలో చిన్నవారికి ఆ మాటను వేరుగా నేర్పనక్కరలేదు. విన్నవారు దానిని తమంత తామే నేర్చుకొంటారు.